ప్యాకేజీ మారింది... నడుస్తున్న సర్వీసు సంగతేంటి?

2023 మార్చి 8న డేటాడాగ్ అనే అమెరికన్ మానిటరింగ్ కంపెనీ సేవలు చాలా ప్రాంతాల్లో ఒకేసారి నిలిచిపోయాయి. ఆ ఉదయం ఎవరూ కొత్త కోడ్ విడుదల చేయలేదు. బయటి నుంచి దాడీ జరగలేదు. ఉబుంటు 22.04 సర్వర్లలో సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే ఇన్‌స్టాల్ అయ్యే ఏర్పాటు ఉంది. ఆ దారిలో, లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డికి ఒక అప్‌డేట్ వచ్చింది. దాంతో నెట్‌వర్క్ వ్యవహారం చూసే సిస్టమ్‌డి-నెట్‌వర్క్‌డి అనే బ్యాక్‌గ్రౌండ్ సర్వీసు రీస్టార్ట్ అయింది. లేస్తూనే తాను వేయని రూట్లన్నిటినీ తుడిచేసింది. అవి కంటెయినర్లను నడిపే కుబర్నెటిస్ నెట్‌వర్క్ కోసం సిలియం అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్న రూట్లు. అవి పోవడంతో వేలాది సర్వర్లు నెట్‌వర్క్‌కు దూరమయ్యాయి.

ఇందులో విద్యార్థులు పట్టుకోవాల్సిన సూక్ష్మం ఒకటుంది. కొత్తగా బూట్ అయిన మెషీన్‌లో ఈ సమస్య కనిపించదు. అక్కడ నెట్‌వర్క్ సర్వీసు ముందు లేస్తుంది, సిలియం తర్వాత వచ్చి తన రూట్లు వేసుకుంటుంది. తుడిచేయడానికి అప్పటికి ఏమీ ఉండదు. నడుస్తున్న మెషీన్ మీద అప్‌గ్రేడ్ జరిగినప్పుడే ఆ వరస తిరగబడుతుంది. అందువల్ల కొత్త ఇమేజ్ మీద ఎన్ని టెస్టులు నడిపినా ఈ తప్పు దొరకదు. అంతకు ఆరు నెలల ముందు, 2022 ఆగస్టు 30న, మైక్రోసాఫ్ట్ అజూర్‌లోని ఉబుంటు 18.04 వర్చువల్ మెషీన్లు కూడా ఆటోమేటిక్‌గా వచ్చిన సిస్టమ్‌డి అప్‌డేట్ తర్వాత డీఎన్ఎస్ పోగొట్టుకున్నాయి.

లైనక్స్ అడ్మినిస్ట్రేటర్, డెవాప్స్ ఇంజినీర్, సైట్ రిలయబిలిటీ ఇంజినీర్, ప్లాట్‌ఫామ్ ఇంజినీర్... పేరు ఏదైనా ఈ ఉద్యోగాల్లో ఎదురయ్యే ప్రశ్న ఇదే: సాఫ్ట్‌వేర్ మార్చారు సరే, అప్పటికే నడుస్తున్న ప్రాసెస్ ఏం చేయాలి? డాకర్, జెంకిన్స్, టెర్రాఫామ్ అని రెజ్యూమెలో దాదాపు అందరూ రాస్తారు. ఈ ప్రశ్నకు కారణాలతో సహా జవాబు చెప్పగల ఫ్రెషర్ మాత్రం ఇంటర్వ్యూలో వేరుగా కనిపిస్తాడు.

రీస్టార్ట్ చేస్తే ప్రమాదమని డేటాడాగ్ ఉదంతం చెబుతోంది. చేయకపోతే? దానికి జవాబు 2014 ఏప్రిల్ 7న బయటపడిన హార్ట్‌బ్లీడ్. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలోని ఆ లోపం వల్ల సర్వర్ మెమరీలోని రహస్యాలు బయటివాళ్ల చేతికి చిక్కే పరిస్థితి వచ్చింది. సరిచేసిన లైబ్రరీ వెంటనే వచ్చింది, అడ్మిన్లు ఇన్‌స్టాల్ చేశారు. కానీ లైనక్స్‌లో డిస్క్ మీది ఫైలు మారినా, దాన్ని ముందే తెరిచి ఉన్న ప్రాసెస్ పాత ఫైలునే వాడుతూ ఉంటుంది. వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేసేదాకా పాత, లోపమున్న లైబ్రరీయే పనిచేస్తుంది. ప్యాకేజీల జాబితా చూస్తే కొత్త వెర్షన్ కనిపిస్తుంది, మెమరీలో పాతదే ఉంటుంది. ఇలా పాత లైబ్రరీలు పట్టుకుని కూర్చున్న ప్రాసెస్‌లను వెతకడానికి డెబియన్, ఉబుంటుల్లో నీడ్‌రీస్టార్ట్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో నీడ్స్-రీస్టార్టింగ్, ఓపెన్‌సూసెలో జిప్పర్ పీఎస్ అనే సాధనాలు ఉన్నాయి.

డిస్ట్రిబ్యూషన్లు దీన్ని ఒకే తీరుగా చూడవు. డెబియన్‌లో సర్వీసు ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయగానే సాధారణంగా అది నడవడం మొదలుపెడుతుంది. వద్దనుకునే అడ్మిన్ పాలసీ-ఆర్‌సీ.డి అనే చిన్న స్క్రిప్టు పెట్టి, దాని నుంచి 101 అనే ఎగ్జిట్ కోడ్ ఇప్పిస్తాడు. ఫెడోరా, రెడ్‌హ్యాట్ పద్ధతి వేరు. అక్కడ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన సర్వీసు మొదలుకాదు. అప్‌గ్రేడ్ సమయంలో మాత్రం, అప్పటికే నడుస్తుంటేనే రీస్టార్ట్ చేసే ట్రై-రీస్టార్ట్ పద్ధతి పాటిస్తారు. అడ్మిన్ కావాలని ఆపిన సర్వీసును అప్‌గ్రేడ్ లేపకూడదన్నది ఇందులోని విలువైన సూత్రం. ఏ డిస్ట్రిబ్యూషన్ వాడినా దీన్ని నేర్చుకోవడం మంచిది.

మరి మంచి సర్వీసు ఎలా నడుచుకోవాలి? ఆగమని సిగ్‌టర్మ్ సంకేతం రాగానే ఉన్నపళంగా పడిపోకూడదు. షట్టర్ సగం దించిన కిరాణా కొట్టులా, కొత్తవాళ్లను రానివ్వకుండా లోపల ఉన్నవాళ్ల పని ముగించి పంపాలి. అలాగని ఎంతసేపైనా తాత్సారం చేయడానికి వీల్లేదు. వేరే గడువు పెట్టకపోతే సిస్టమ్‌డి సాధారణంగా 90 సెకన్లు ఎదురుచూసి, ఆపైన బలవంతంగా చంపేస్తుంది. కొత్త వెర్షన్ లేవకపోతే ఎర్రర్ కోడ్‌తో, లాగ్‌లో స్పష్టమైన కారణంతో ఆగాలి. సగం నడుస్తూ అంతా బాగున్నట్టు కనిపించే సర్వీసు వల్ల ఆన్‌కాల్ ఇంజినీరుకు రాత్రంతా జాగారం తప్పదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఇందుకు మంచి ఉదాహరణ. ప్రతి కనెక్షన్‌కూ వేరే ప్రాసెస్ ఉంటుంది కాబట్టి, ప్రధాన సర్వీసును రీస్టార్ట్ చేసినా అప్పటికే లాగిన్ అయి ఉన్న అడ్మిన్ కనెక్షన్ తెగదు. ఎన్‌జిన్‌ఎక్స్ ఇంకో అడుగు ముందుకేసింది. పాత మాస్టర్ ప్రాసెస్‌కు యూఎస్‌ఆర్2 సంకేతం పంపితే, అదే పోర్టుతో కొత్త బైనరీ లేస్తుంది. తర్వాత పాతదానికి క్విట్ పంపితే చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించి తప్పుకుంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు: రీలోడ్ అంటే కాన్ఫిగరేషన్ మళ్లీ చదవడమే, దానితో కొత్త బైనరీ రాదు. రీలోడ్‌కూ రీస్టార్ట్‌కూ తేడా అడిగినప్పుడు ఈ మాట చెప్పగలగాలి.

కొన్నిటిని మాత్రం నడుస్తుండగా కదిలించకపోవడమే మేలు. ప్రాసెస్‌ల మధ్య సందేశాలు చేరవేసే డీబస్ అలాంటిది. మిగతా భాగాలన్నీ దాని మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి మెషీన్ రీబూట్ చేయాల్సిందే. కెర్నెల్ సంగతి చెప్పనక్కర్లేదు. డేటాబేస్‌లకు వేరే జాగ్రత్త కావాలి. పోస్ట్‌గ్రెస్‌లో చిన్న వెర్షన్ మార్పుకు రీస్టార్ట్ సరిపోతుంది. పెద్ద వెర్షన్ మారితే పాత డేటాను కొత్తది నేరుగా చదవలేదు, డేటాను మార్చుకునే దశ ఒకటి దాటాలి.

ఇవన్నీ నేర్చుకోవడానికి ఖరీదైన కోర్సు అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్, వర్చువల్‌బాక్స్ చాలు. ఒక మెషీన్‌లో డెబియన్, ఇంకోదాంట్లో రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందిన రాకీ లైనక్స్ వేసి రెండిటిలోనూ ఎన్‌జిన్‌ఎక్స్ ఇన్‌స్టాల్ చేస్తే మొదటి తేడా అక్కడే కనిపిస్తుంది. తర్వాత సర్వీసును ఒకసారి స్టాప్ చేసి, ఒకసారి డిజేబుల్ చేసి, ఒకసారి మాస్క్ చేసి, ప్రతిసారీ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఏం జరిగిందో రాసుకోవాలి. ఆ మూడు పదాల తేడా అప్పుడు పుస్తకం చూడకుండానే గుర్తుండిపోతుంది.

ఆ పైమెట్టు, అసలు పనికొచ్చే మెట్టు, సొంత సర్వీసు రాయడం. ఒక్కో రిక్వెస్టుకు 20 సెకన్లు తీసుకునే చిన్న పైథాన్ సర్వర్, దానికో సిస్టమ్‌డి యూనిట్ ఫైలు, రెండు వెర్షన్ల డెబియన్ ప్యాకేజీ. రిక్వెస్టు నడుస్తుండగా మొదటి వెర్షన్ నుంచి రెండోదానికి అప్‌గ్రేడ్ చేసి చూడాలి. కనెక్షన్ తెగిందా? మధ్యలో ఎంతసేపు సర్వీసు లేదు? కాన్ఫిగరేషన్ ఫైలులో చేసుకున్న మార్పు మిగిలిందా? ఇది గిట్‌హబ్‌లో పెట్టి, చూసింది చూసినట్టు ఒక పేజీ రాస్తే, పది టూల్స్ పేర్ల కంటే అదే బలమైన ప్రాజెక్టు అవుతుంది.

సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్లకు రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్‌సీఎస్ఏ, లైనక్స్ ఫౌండేషన్ ఎల్‌ఎఫ్‌సీఎస్ మంచివి. రెండూ బహుళైచ్ఛిక ప్రశ్నలు కావు, మెషీన్ ముందు కూర్చుని పని చేసి చూపించాల్సిన పరీక్షలు. పై అభ్యాసం చేసినవాళ్లకు సర్వీసుల భాగం సులువవుతుంది.

చదవడానికి డెబియన్ పాలసీ మాన్యువల్‌లోని 6వ అధ్యాయం, 9వ అధ్యాయంలో సర్వీసుల భాగం, ఫెడోరా ప్యాకేజింగ్ మార్గదర్శకాలు ఉన్నాయి. అన్నీ ఉచితం. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు క్యాంపస్ ఇంటర్వ్యూల దాకా ఆగకుండా, ఈ సెలవుల్లోనే రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకుని మొదలుపెట్టండి.