గురి

ఎయిర్ రైఫిల్ పోటీలో లక్ష్యం పది మీటర్ల దూరంలో ఉంటుంది. దాని నడుమనున్న పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దానిని తాకవలసిన గుండు 4.5 మిల్లీమీటర్లు! ద్రోణుని పరీక్షలో అర్జునునికి పక్షి కన్నొక్కటే కనిపించిందని చదువుకున్నాం. రైఫిల్ విద్యార్థికి అంతమాత్రం చాలదు. నిలిచే తీరు, చెక్కిలి ఆనించే చోటు, ఊపిరి బిగబట్టే క్షణం, ట్రిగ్గరుపై వేలి ఒత్తిడి ప్రతి గుండుకూ ఒకే విధంగా ఉండాలి. అందుకే శిక్షకులు గుండు లేని తుపాకితోనూ గంటల తరబడి సాధన చేయిస్తారు. విసుగు పుట్టించే పనే, కాని వేరే దారి లేదు.

అయితే సాధనలో నిలకడగా ఉన్న చేయి పోటీలో వణకవచ్చు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్సులో 600కు 595 పాయింట్లు సాధించారు. ఫైనలుకు ఎనిమిదిమందికే చోటు. సమాన స్కోరు గలవారిలో వెనుకబడి ఆయన తొమ్మిదవ స్థానంలో ఆగిపోయారు. ఆ నవంబరులోనే బాంకాక్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్ అర్హత పోటీలో 600కు 600 సాధించారు! మూడు నెలల్లో కొత్తగా నేర్చే విద్య ఎంతని? ఓటమి తరువాత మళ్ళీ గురికి నిలవడం మాత్రం పోటీలే నేర్పగలవు. 2012లో లండన్ ఒలింపిక్సులో ఆయన 701.1 పాయింట్లతో కాంస్య పతకం గెలుచుకున్నారు. నాలుగవ స్థానానికీ ఆయనకూ తేడా ఒక్క పాయింటుకు లోపే.