అంటార్కిటికా పోతానంటే నవ్వకండి

బడిలో ధ్రువాల పాఠం విని వచ్చిన బిడ్డ "అమ్మా, పెద్దయినంక నేను అంటార్కిటికా పోతా" అంటే మనం నవ్వేస్తాం. "ముందు లెక్కలు చెయ్" అంటాం. ఆసిఫాబాద్ తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: ఆ మాటను నవ్వులో పోనివ్వకండి. ఆ ప్రయాణానికి కావలసిన అలవాట్లు చాలావరకు మన ఇంట్లోనే నేర్పవచ్చు. వాతావరణ పాఠం కూడా వాటితోనే వంటబడుతుంది.

మొదట, ఆ మంచు నేల మనకు పరాయిది కాదని చెప్పండి. ఒకప్పుడు భారతదేశం, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ఒకే నేల. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గోండ్వానా; మన గోండుల పేరు మీద వచ్చిన పేరు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ప్రాణహిత-గోదావరి లోయలో కూడా మంచు కదిలింది. అది మోసుకొచ్చిన రాళ్లు ఇప్పటికీ బొగ్గుపొరల అడుగున ఉన్నాయి. ఆ తర్వాత ఇక్కడ గ్లోసోప్టెరిస్ అనే చెట్ల అడవులు పెరిగాయి. గోలేటి, ఖైరిగూర గనుల బొగ్గు అలాంటి అడవుల నుంచి వచ్చిందే. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ ప్రాణాలు విడిచిన అన్వేషకుడు స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా లాక్కొచ్చిన 16 కిలోల రాళ్లలో కూడా ఇవే ఆకుల అచ్చులు దొరికాయి.

బొగ్గు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తుందని, ధ్రువాల మంచు కరుగుతోందని బిడ్డకు చెప్పక తప్పదు. అయితే సింగరేణి కార్మికుని బిడ్డ ఆ మాటకు తలవంచుకోకూడదు. "మీ నాయిన తవ్విన బొగ్గు ఎన్నో ఇండ్లలో దీపం వెలిగించింది. రేపటి వెలుగుకు వేరే దారి వెతికే పని మీది" అని చెప్పండి. లోకం మునిగిపోతుందని భయపెడితే పిల్లలు చెవులు మూసుకుంటారు. చేతికి పని ఇస్తే ఆలోచిస్తారు.

వంటింట్లోనే ఒక పని ఉంది. రెండు గ్లాసుల్లో నీళ్లు పోయండి. ఒకదాంట్లో మంచుముక్క తేలనివ్వండి. రెండోదాంట్లో నీళ్లపైకి కనబడేంత ఎత్తున్న రాయి పెట్టి, దాని మీద మంచుముక్క ఉంచండి. నీటిమట్టం దగ్గర గీత గీయించండి. తేలే మంచు కరిగితే మట్టం దాదాపు మారదు. రాతి మీది మంచు కరిగితే పెరుగుతుంది. అంటార్కిటికా నేల మీది మంచు కరిగితే సముద్రం ఎందుకు పెరుగుతుందో బిడ్డ తన కళ్లతోనే చూస్తుంది.

ఇంకొక పని నోటుబుక్కుతో. చలికాలంలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు తరచుగా మన సిర్పూర్ (యు), తిర్యాణి వైపే నమోదవుతాయి. ఎండకాలం ఇదే జిల్లా నిప్పులకుంపటి. ఇంత తేడా ఉన్న చోట రోజూ పొద్దుగాల, మధ్యాహ్నం థర్మామీటరు చూసి రాయించండి. ఇప్పపువ్వు ఎప్పుడు రాలింది, పెద్దవాగు ఎప్పుడు ఎండింది, తొలివాన ఏనాడు పడింది అన్నీ రాయనివ్వండి. తాతను, అమ్మమ్మను అడిగి వాళ్ల చిన్ననాటి సంగతులు పక్కనే రాయమనండి. ఒక్కరోజు కూడా తప్పకుండా రాయడమే ధ్రువాల్లో పరిశోధకులు చేసే పని.

మన దేశం నుంచి తొలి బృందం 1982 జనవరిలో అంటార్కిటికాలో అడుగుపెట్టింది. ఇప్పుడక్కడ మైత్రి, భారతి కేంద్రాలు ఉన్నాయి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం బృందాలను పంపుతుంది. వెళ్లేవారికి వైద్య పరీక్షలు, మంచుమీద శిక్షణ ఉంటాయి. శాస్త్రవేత్తలతో పాటు డాక్టర్లు, వంటవారు, మెకానిక్‌లు కూడా వెళ్తారు. నెలల తరబడి కొద్దిమందితో సర్దుకుని బతకాలి. కరగని చెత్తను తిరిగి తెచ్చుకోవాలి. కాబట్టి కంచం కడగడం, పక్క సర్దడం, ప్లాస్టిక్ వాగులో వేయకపోవడం కొడుకైనా బిడ్డయినా ఇప్పుడే నేర్వాలి.

మనలాంటి ఇండ్ల నుంచి అక్కడికి పోయినవారూ ఉన్నారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చి, 2014లో ఎవరెస్ట్ ఎక్కింది. 2019 డిసెంబర్ 26న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరం మీద నిలబడింది.

మీ బిడ్డ అంతదూరం పోవచ్చు, పోకపోవచ్చు. ఈ వాగును, ఈ అడవిని శ్రద్ధగా చూసే మనిషి అయితే చాలు. ఈ వారమే ఒక నోటుబుక్కు, ఒక థర్మామీటరు కొనివ్వండి. మొదటి రోజు పక్కన కూర్చుని మీరూ చూడండి.