జడ్రోగా చట్టం: 9/11 సహాయక సిబ్బందికి వైద్య భరోసా

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత న్యూయార్క్ శిథిలాల్లో పనిచేసిన అగ్నిమాపక, పోలీసు, అంబులెన్స్ సిబ్బందిని అక్కడి దుమ్ము ఏళ్ల తరబడి వదల్లేదు. ఉబ్బసం, సైనస్ జబ్బులతో మొదలై క్యాన్సర్ల దాకా వెళ్లింది. 2006లో మరణించిన న్యూయార్క్ పోలీసు డిటెక్టివ్ జేమ్స్ జడ్రోగా పేరిట వచ్చిన చట్టంపై అధ్యక్షుడు ఒబామా 2011 జనవరి 2న సంతకం చేశారు. దాడి జరిగి అప్పటికి తొమ్మిదేళ్లు దాటింది! 2012లో ఈ చట్టం కింద చికిత్స అందే జబ్బుల జాబితాలో పలు క్యాన్సర్లను చేర్చారు. 2015లో ఈ వైద్య పథకాన్ని 2090 వరకు పొడిగించారు.

తడబడే అవకాశం ఇక్కడే ఉంది. ఇది సాధారణ ఆరోగ్య బీమా కాదు. దాడులతో ముడిపడినవని ధ్రువీకరించిన జబ్బులకే ఉచిత చికిత్స. కాలు విరిగితే సొంత బీమాయే దిక్కు. వరల్డ్ ట్రేడ్ సెంటర్ హెల్త్ ప్రోగ్రామ్ పేరుతో దీన్ని నడిపేది జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ (నియోష్). నష్టపరిహార నిధి వేరు, అది న్యాయశాఖ చేతిలో ఉంటుంది.

సాధారణ బీమా ప్రీమియం విషయానికొస్తే, 2006 నాటి పెన్షన్ పరిరక్షణ చట్టం పదవీ విరమణ చేసిన, వైకల్యంతో వైదొలగిన ప్రజా భద్రతా సిబ్బందికి పెన్షన్ నుంచి కట్టే ప్రీమియంపై ఏటా 3,000 డాలర్ల వరకు పన్ను మినహాయింపు ఇస్తోంది.