దేశదేశముల విద్యుదంతరాయములు

హైదరాబాదునకు పడమటి దిక్కున లింగంపల్లి కలదు. దానికి చేరువనున్న రామచంద్రాపురమున విద్యుత్కేంద్రములకు వలయు టర్బైనులను తయారుచేయు భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారమున్నది. తూర్పున కొద్దిదూరములో హైటెక్ సిటీ కార్యాలయములు గలవు. ఇట్టి తావునందును వేసవి గాలివానకు చెట్టుకొమ్మ విరిగి తీగలపై పడినచో కరెంటు పోవును. పెద్ద కార్యాలయములలో జనరేటర్లు వెంటనే పనిచేయును. పిండిమర మాత్రము ఆగిపోవును, నీటిమోటారు తిరుగదు, పరీక్షకు చదువుకొను బాలుడు పుస్తకము మూసివేయును. ఇతర దేశములలోను ఇట్లే జరుగునా యని పలువురకు సందేహము కలుగును.

పోల్చుటకు ముందు కొలత తెలియవలెను. ఏడాదిలో ఒక్కొక్క వినియోగదారునకు సగటున ఎన్నిమారులు కరెంటు పోయినదో తెలుపునది ఒక కొలత. మొత్తము ఎన్ని నిమిషములు పోయినదో తెలుపునది రెండవది. ఒక ఊర వేయి ఇండ్లున్న వనుకొనుడు. ఏడాదిలో ఒకేమారు నూరు ఇండ్లకు రెండు గంటలు కరెంటు పోయినది. అప్పుడు ఆ ఊరి సగటు 12 నిమిషములు మాత్రమే. కాని ఆ నూరు ఇండ్లవారు చీకటిలో గడపినది 120 నిమిషములు. తక్కిన తొమ్మిదివందల ఇండ్లవారికి ఏమియు తెలియదు. సగటు అసత్యము కాదు. అయినను అది ఒక్కొక్కరి కష్టమును చూపజాలదు.

జర్మనీలో 2023వ సంవత్సరపు సగటు సుమారు 13 నిమిషములు. అమెరికాలో 2022లో అది సుమారు ఐదున్నర గంటలు. కాని జర్మనీ లెక్కలో మహావిపత్తులు చేరవు. అమెరికాలోను పెద్ద తుఫానుల వంటివానిని తీసివేసినచో సగటు సుమారు రెండు గంటలకు దిగును. జర్మనీలో మూడు నిమిషములు దాటిన అంతరాయములనే లెక్కింతురు. అమెరికాలో సాధారణముగా ఐదు నిమిషములు దాటినవానిని లెక్కింతురు. ఇన్ని సవరించినను భేదము మిగులును. జర్మనీలో ఇండ్లకు పోవు తీగలు చాలవరకు భూమిలో ఉన్నవి; అమెరికాలో అనేకచోట్ల అవి చెట్లనడుమ స్తంభములపై సాగును.

గాలివానయే కాక కొరతయు కరెంటును ఆపును. దక్షిణాఫ్రికాలో 2023లో అధికదినములు వంతులవారీగా కోత విధించిరి. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందును పరిశ్రమలకు విద్యుత్ సెలవులు ప్రకటించిరి.

మూడవ కారణము గ్రిడ్డు కూలుట. అనేక విద్యుత్కేంద్రములను కలుపు తీగల వలకు గ్రిడ్డని పేరు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలగా, 60 కోట్లకు పైగా జనులు నివసించు ప్రాంతములలో కరెంటు పోయినది. అప్పటికి దక్షిణ గ్రిడ్డు వానితో పూర్తిగా ఏకము కాలేదు. కనుక అది నిలిచినది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా అదియు కలిసినది. అందుచే కొరతవేళ దూరప్రాంతముల విద్యుత్తును తెచ్చుకొనుట సులభమైనది. ఒకచోటి లోపము అంతటికి వ్యాపింపకుండ చూచు బాధ్యతయు పెరిగినది. సంపన్నదేశములకును ఈ భయము తప్పదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిను, పోర్చుగల్ దేశములలో దాదాపు అంతటను కరెంటు పోయినది.

కావున ఏ దేశమున కరెంటు ఎక్కువగా పోవుననుటకు ఒక్క అంకె సమాధానము కాదు. ఎంతసేపు పోయినదానిని లెక్కించిరి, వేనిని విడిచిరి, ఎవరికి పోయినది అని విచారింపవలెను. అట్లు విచారించినపుడే పట్టికలో కానరాని ఆ నూరు ఇండ్లు కానవచ్చును.

ప్రశ్నలు
1. సగటు 12 నిమిషములు ఎట్లు వచ్చినదో లెక్కించి చూపుము.
2. గ్రిడ్లు కలియుటవలని లాభమేమి? జాగ్రత్త యేమి?
3. మీ వీథిలో ఒక నెలలో కరెంటు ఎన్నిమారులు, ఎంతసేపు పోయినదో వ్రాసియుంచి సగటు కట్టుము.