గిట్: ముందు కమాండ్లు, ఆ తర్వాతే టూల్

మన్సూరాబాద్‌లో రూమ్ తీసుకుని, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో కోర్సులు చేస్తున్న పిల్లల రెజ్యూమెల్లో 'గిట్' అన్న మాట తప్పక కనిపిస్తుంది. "మర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఏం చేస్తావు?" అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. ఎడిటర్‌లో బటన్ నొక్కడం వరకే అలవాటు మరి. ఉద్యోగంలో చేరాక ఎస్ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్తే చాలాసార్లు ఉండేది టెర్మినల్ ఒక్కటే.

లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ రాసిందే కమాండ్లతో వాడటానికి. ఆ పనిని తేలిక చేసే ఇంటర్‌ఫేస్‌లు టెర్మినల్లోనే నడిచేవి ఉన్నాయి, అన్నీ ఉచితమే. టిగ్, లేజీగిట్, గిట్‌యూఐ చూస్తే చాలు.

టిగ్ పాతది, ముఖ్యంగా చదవడానికి. టీమ్‌లో చేరిన కొత్తలో ఎవరో రాసిన కోడ్‌ను అర్థం చేసుకోవాలి కదా, 'టిగ్ బ్లేమ్' అని ఫైల్ పేరు ఇస్తే ఏ లైన్ ఎవరు, ఎప్పుడు మార్చారో వరసగా కనిపిస్తుంది.

కొత్తవాళ్లకు నేను చెప్పేది లేజీగిట్. జెస్సీ డఫీల్డ్ గో భాషలో రాశారు. ఎడమ పక్క ఫైళ్లు, బ్రాంచీలు, కమిట్లు. కుడి పక్క మీరు చేసిన మార్పు. ఒకే ఫైల్‌లో బగ్ సరిచేశారు, దాంతోపాటు పరీక్ష కోసం పెట్టిన ప్రింట్ లైన్లూ ఉండిపోయాయనుకోండి. ఫైల్ మీద ఎంటర్ కొట్టి, కావలసిన లైన్‌ను మాత్రమే ఎంచుకుని స్పేస్ నొక్కితే అది ఒక్కటే స్టేజ్ అవుతుంది. తర్వాత 'సి' నొక్కి కమిట్ చేయడమే. ఇలా ఒక్కో మార్పుకు ఒక్కో కమిట్ పెట్టుకున్న గిట్‌హబ్ ప్రొఫైల్‌ను చూసేవాళ్లు ఇష్టంగా చదువుతారు. ఇంకో గొప్ప సుగుణం, వెనక నడిచిన అసలు గిట్ కమాండ్లను అది కింద చూపిస్తుంది. వాటిని చూస్తూ నేర్చుకోవచ్చు.

గిట్‌యూఐ రస్ట్‌లో రాసింది, వేగం దాని బలం. 9 లక్షలకు పైగా కమిట్లున్న లైనక్స్ కెర్నల్ చరిత్రను చదవడానికి గిట్‌యూఐకి 24 సెకన్లు, లేజీగిట్‌కు 57 సెకన్లు, టిగ్‌కు 4 నిమిషాల 20 సెకన్లు పట్టాయని గిట్‌యూఐ వాళ్లే లెక్క ఇచ్చారు. మెమరీ కూడా అదే తక్కువ తీసుకుందట. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌తో నెట్టుకొస్తున్నవాళ్లు దీన్ని చూడాలి. కాలేజీ ప్రాజెక్టు స్థాయిలో మాత్రం మూడింటి మధ్య వేగంలో తేడా మీకు తెలియదు.

ఇంటర్వ్యూకు ముందు మాత్రం ఈ టూల్స్ అన్నీ మూసేయండి. ఒక ఫోల్డర్‌లో రెండు బ్రాంచీలు చేసి, రెండింట్లోనూ ఒకే లైన్‌ను వేర్వేరుగా మార్చి, కమిట్ చేసి, ఒక బ్రాంచీలో ఉండి రెండో బ్రాంచీ పేరుతో 'గిట్ మర్జ్' కొట్టండి. కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. ఫైల్ తెరిచి, గిట్ పెట్టిన గుర్తుల మధ్య ఏది ఉంచాలో మీరే తేల్చి, యాడ్ చేసి, కమిట్ చేయండి. మధ్యలో చిక్కుపడితే 'గిట్ మర్జ్ --అబార్ట్' కొడితే మర్జ్‌కు ముందున్న స్థితికి వచ్చేస్తారు, మళ్లీ మొదలుపెట్టండి.