పాదక్రియలు – పదౌచిత్యం

కాసిపేట గనులకు ఉత్తర దిశలో, కాగజ్‌నగర్ ప్రాంతాన నజ్రుల్‌నగర్ అనే ఊరు ఉంది. తూర్పు బెంగాల్ నుండి శరణార్థులై వచ్చిన కుటుంబాలు ఆ ప్రాంతంలో స్థిరపడ్డాయి. ఇంట వంగభాష, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు వినే విద్యార్థికి పాదాల బలాన్ని తెలిపే క్రియలు చక్కని పరీక్ష వంటివి.

ఇంగ్లీషులో ‘కిక్’ అనగా కాలితో తన్నడం. ‘స్టాంప్’ అనగా పాదాన్ని నేలపై బలంగా తాటించడం. ‘ట్రాంపుల్’ అనగా కాళ్ల కింద పడినదానిని నలిగేటట్లు తొక్కడం. వంగభాషలో వీటిని వరుసగా ‘లాథి మారా’, ‘పా ఠోకా’, ‘మాడానో’ అంటారు. అదే భాషలో ‘లాఠి’ అంటే కర్ర. ఒక్క హల్లు మారితే దెబ్బ తీరే మారుతుంది.

తెలుగులో ‘తన్ను’ అనే క్రియకు వ్యాప్తి ఎక్కువ. ‘వాడు తన్నులు తిన్నాడు’ అన్నప్పుడు ఆ దెబ్బలు చేతివో, కర్రవో కూడా కావచ్చును. దానిని ‘కిక్’ అని అనువదిస్తే జరగని పని జరిగినట్లవుతుంది. కనుకనే ఫిర్యాదులో ‘కాలితో తన్నాడు’ అని విడమరచి వ్రాస్తారు. సాక్ష్యంలో ఒక మాట తప్పితే నిరపరాధికి కీడు కలుగవచ్చును.

‘తొక్కు’ కూడా ఇట్టిదే. కుమ్మరి మట్టిని తొక్కుతాడు; కార్మికుడు సైకిలు తొక్కుతాడు; బలవంతుడు బలహీనుని అణగదొక్కుతాడు. మొదటి రెండు శ్రమను, మూడవది దౌర్జన్యాన్ని తెలుపుతాయి. ‘ట్రాంపుల్’ మూడవదానికే సరిపోతుంది. సైకిలు విషయంలో వంగభాషీయులు ‘చాలానో’, అనగా నడపడం, అంటారు.

ప్రాచీన కవులు ఈ భేదాలను ఎరిగినవారు. పదహారవ శతాబ్దికి చెందిన నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’లో, అలిగిన సత్యభామ తన పాదాలపై వాలిన శ్రీకృష్ణుని శిరస్సును ఎడమ పాదంతో తొలగిస్తుంది. లోకం దానిని ‘తన్నడం’గానే చెప్పుకొంటుంది. కవి మాత్రం అక్కడ ‘త్రోచు’ అనే క్రియను వాడాడు. ఆ మాటలో కోపం ఉంది, ప్రణయం చెడలేదు. ‘కిక్’ అంటే ఆ ప్రణయం మాయమై అవమానమే మిగులుతుంది.

కాబట్టి అనువదించే ముందు కాలి కదలికను మాత్రమే గాక, కదిలించినవాని మనస్సును, తాకినదానిని కూడా గమనించాలి.

అభ్యాసం

1. ‘తన్నులు తిన్నాడు’, ‘కాలితో తన్నాడు’ – అర్థభేదాన్ని వివరించండి.
2. ‘తొక్కు’ క్రియను మూడు వేర్వేరు అర్థాలలో సొంత వాక్యాలలో ప్రయోగించండి.
3. సత్యభామ చర్యకు ‘త్రోచు’ అనే క్రియ ఏల ఉచితమో తెలపండి.