లావుగా, వాలుగా: అక్షరాల సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: ఆటల సామాన్ల షాపుకు బోర్డు చేయిస్తున్నాం. ఇంగ్లీషు పేరు లావుపాటి ఇటాలిక్‌లో చాలా బాగా కుదిరింది. 'స్పోర్ట్స్' అన్న తెలుగు మాటను కూడా డిజైనర్ అలాగే వంచి చూపించాడు. అక్షరాలు పక్కకు ఒరిగిపోతున్నట్టు ఉన్నాయి. లోపం ఫాంటుదా, మా కంటిదా?
- ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీ కన్ను సరిగ్గానే పట్టింది. ఇంగ్లీషులో హెచ్, ఎన్, ఎల్ లాంటి అక్షరాలకు నిలువు గీతలుంటాయి. అక్షరం ఎంత వాలిందో మనకు చెప్పేవి ఆ గీతలే. తెలుగులో నిలువు గీత చాలా అరుదు, అంతా వంపులే. గుండ్రటి గీతను కుడివైపు వంచితే అది వాలినట్టు కాక నలిగినట్టు కనిపిస్తుంది. కుడి పైభాగంలోనూ, ఎడమ కిందిభాగంలోనూ గీత లావెక్కుతుంది. మిగతా రెండు మూలలూ సన్నబడతాయి. సన్నటి ఫాంటులో ఈ తేడా అంతగా తెలియదు. బోల్డ్‌లో దూరం నుంచే తెలిసిపోతుంది.

ఇక వత్తుల సంగతి. కంప్యూటర్ అక్షరాన్ని దాని పాదం దగ్గర పట్టి వంచుతుంది. దాంతో పైనున్న తలకట్టు, గుడి కుడికి పోతాయి, కిందున్న వత్తు ఎడమకు పోతుంది. 12 డిగ్రీలు వంచితే, పాదం నుంచి 10 సెంటీమీటర్ల దిగువన ఉన్న వత్తు 2 సెంటీమీటర్లకు పైగా ఎడమకు జరుగుతుంది. మీ మాటలో 'స' కింద 'ప' వత్తు ఉంది, 'ర' కింద 'ట', 'స' వత్తులున్నాయి. అవన్నీ తమ అక్షరాన్ని వదిలి పక్క అక్షరం కిందకు చేరినట్టు కనిపిస్తాయి. మీకు ఒరిగిపోతున్నట్టు అనిపించింది అందుకే.

నా సలహా ఇది. తెలుగు పేరును నిటారుగానే ఉంచండి, లావు మాత్రం ఇంగ్లీషుతో సమానంగా చూసుకోండి. రామభద్ర, బలూ తమ్ముడు ఫాంట్లు ఆ బరువును మోస్తాయి. అనేక్ తెలుగులో బాగా లావుపాటి రకాన్ని తీసుకోవచ్చు. వాలు కావాల్సిందే అంటే చేతితో అక్షరాలు గీసే ఆర్టిస్టును పెట్టుకోండి. అయిదారు డిగ్రీలకు మించనివ్వకండి. వత్తులన్నీ తిరిగి తమ అక్షరం కిందకు వచ్చాయో లేదో బోర్డు ఎక్కకముందే చూసుకోండి.

ప్రశ్న: మరి పాత సినిమా పోస్టర్ల మీద వాలుగా, లావుగా రాసిన తెలుగు పేర్లు అంత అందంగా ఎలా ఉండేవి?
- ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: వాటిని కుంచెతో గీశారు కనుక. ఇంత మంచి ప్రశ్న అడిగినందుకు సంతోషం. ఎందుకంటే తెలుగుకు వాలు నప్పదని తీర్మానించేవాళ్లకు జవాబు ఆ పోస్టర్లలోనే ఉంది. ఈసారి అలాంటి పోస్టరు కనిపిస్తే అక్షరాల కింద ఒక స్కేలు పెట్టి చూడండి. చాలాచోట్ల వంగింది అక్షరం కాదు, వరుస. పేరు ఎడమ నుంచి కుడికి మెట్టెక్కినట్టు పైకి సాగుతుంది. అక్షరాల గుండ్రదనం మాత్రం చెడదు. పైగా కుంచె తిరిగే తీరులోనే లావు సన్నాలు పుడతాయి, కాబట్టి బరువు పడాల్సిన చోటే పడుతుంది. 'థ'లో చుక్క నిండిపోకుండా, 'ప', 'వ' ఒకేలా కనిపించకుండా ఆర్టిస్టు లోపలి ఖాళీని కాపాడతాడు. ఈ పనిని ఫాంటుగా మలిచేవాళ్లు మనకు ఇంకా ఎందరో కావాలి. ఒక మంచి తెలుగు బోల్డ్ ఇటాలిక్ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: ఇటాలిక్ అంటే వాలు అక్షరమే కదా? బోల్డ్ ఇటాలిక్‌ను విడిగా గీయడం ఎందుకు?
- ఒక డిజైన్ విద్యార్థి, హైదరాబాద్

సమాధానం: ఇటాలిక్ పుట్టింది చేతిరాత నుంచి. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చువేసిన వర్జిల్ పుస్తకం మొత్తం ఆ అక్షరాల్లోనే ఉంది. అచ్చులు చెక్కినవాడు ఫ్రాన్సెస్కో గ్రిఫో. అప్పట్లో అవి పుస్తకం చదువుకోవడానికే, వాటికి లావు లేదు. లావు వచ్చింది ప్రకటనల వల్ల. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో లాటరీలు, నాటకాల పోస్టర్ల కోసం బాగా బలిసిన అక్షరాలు చెక్కారు, వాటికి ఇటాలిక్‌లూ వచ్చాయి. ఆ వరసలోదే 1928 నాటి అల్ట్రా బొడోని, అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసినది.

అసలైన ఇటాలిక్‌లో ఇంగ్లీషు చిన్న 'ఎ' ఆకారమే మారిపోతుంది. వాలు మాత్రమే ఉండే రకాన్ని ఒబ్లిక్ అంటారు. 1957లో వచ్చిన యూనివర్స్‌లో ఎడ్రియన్ ఫ్రూటిగర్ గీసినవి ఈ రకమే. అందులోనూ వంపులను చేత్తో దిద్దాల్సిందే. లావు పెరిగేకొద్దీ అక్షరం లోపలి ఖాళీ తగ్గుతుంది. చిన్న 'ఎన్'లో కమాను వచ్చి నిలువు గీతను కలిసేచోట నలుపు ముద్దకట్టకుండా గీతను సన్నగా చెక్కాలి. ఇవేవీ బటన్ నొక్కితే అయ్యే పనులు కావు.

ప్రశ్న: మా పత్రికలో ఉపశీర్షికలన్నీ ఇంగ్లీషు బోల్డ్ ఇటాలిక్‌లో పెట్టవచ్చా?
- ఒక ఉపసంపాదకుడు, విశాఖపట్నం

సమాధానం: వద్దు. అది రెండు మూడు మాటల కోసం, పెద్ద సైజు కోసం గీసిన అక్షరం. ముఖచిత్రం మీద పేరుకు, ఆటల పేజీ శీర్షికకు బాగుంటుంది. అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ ఎర్ర పట్టీ మీద తెల్లటి ఫ్యూచురా బోల్డ్ ఒబ్లిక్‌తో నాలుగు మాటలు పెడితే గోడంతా మాట్లాడుతుంది. అదే పేజీకి పదిసార్లు వస్తే ఏ మాటా గట్టిగా వినపడదు.

ప్రశ్న: మా వెబ్‌సైట్‌లో వాడేది నోటో సాన్స్ తెలుగు. దానికి ఇటాలిక్ లేదంటారు. అయినా పుస్తకాల పేర్లు వాలుగా కనిపిస్తున్నాయేమిటి?
- ఒక పాఠకురాలు, డాలస్

సమాధానం: ఇటాలిక్ లేనప్పుడు బ్రౌజరే మామూలు అక్షరాన్ని వంచి చూపిస్తుంది. మొదటి ఉత్తరంలో చెప్పిన ఇబ్బందులన్నీ ఇక్కడా వస్తాయి. సీఎస్ఎస్‌లో 'ఫాంట్-సింథసిస్'కు 'నన్' అని ఇవ్వమని మీ డెవలపర్‌కు చెప్పండి, అది ఆగిపోతుంది. కాకపోతే ఈ సెట్టింగ్, లోడ్ కాని బోల్డ్‌ను కూడా బ్రౌజర్‌ను సృష్టించనివ్వదు, కాబట్టి ఫాంటు అసలు బోల్డ్ ఫైలు కూడా లోడ్ అయ్యేలా చూడమనండి. పుస్తకాల పేర్లకు కొటేషన్ గుర్తులు చాలు.